లెక్క వేసే చోట మనమెక్కడ?

2023 అక్టోబరులో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి క్లాడియా గోల్డిన్‌కు వచ్చింది. 1969 నుంచి ఇస్తున్న ఈ బహుమతి 2025 దాకా చూసినా ముగ్గురంటే ముగ్గురు స్త్రీలకే దక్కింది. 2009లో ఎలినార్ ఆస్ట్రమ్, 2019లో ఎస్తేర్ డఫ్లో, ఆ తర్వాత గోల్డిన్. మొదటి ఇద్దరూ పురుషులతో కలిసి పంచుకున్నారు. ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న తొలి స్త్రీ గోల్డిన్. పత్రికలు ఆమె ఫోటో వేశాయి, స్త్రీజాతికి గర్వకారణమని రాశాయి, మర్నాటికి మరిచిపోయాయి. ఆమె దేని గురించి పరిశోధించారు, ఆ పరిశోధన చేయడానికి ఎలాంటి చదువు చదవవలసి వచ్చింది, ఆ చదువు గుమ్మంలోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని బయటే నిలబెడతారు అన్న ప్రశ్నలు ఎవరికీ తట్టలేదు.

హక్కుల గురించి రాసుకునే మన పత్రికకు, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎవరో చేసే పిహెచ్.డి.తో పనేమిటని మిత్రులు అడగవచ్చు. మన ముందు వరకట్న కేసులున్నాయి, కూలి రేట్ల తగాదాలున్నాయి, అప్పుల వాళ్ల వేధింపులున్నాయి. నిజమే. కానీ ఈ సమస్యలన్నిటి వెనుకా ఒక లెక్క ఉంది. ఏది పని, ఏది పని కాదు? కుటుంబమంటే ఒకే మనిషా, వేరు వేరు ప్రయోజనాలున్న మనుషులా? అప్పు ఇస్తే స్త్రీ బలపడుతుందా? ఈ ప్రశ్నలకు ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు, దాతృసంస్థలు నమ్మే జవాబులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలావరకు కొద్దిపాటి పెద్ద విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర విభాగాల నుంచి, అక్కడ డాక్టరేట్లు పొందినవాళ్ల నుంచి. కాబట్టి ఆ తరగతి గదిలో ఎవరు కూర్చుంటారన్నది మన ప్రశ్న కూడా.

చికాగో విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. అన్నీ మార్కెట్టుకు వదిలేయమనే ఆలోచనకు పుట్టిల్లుగానే దాన్ని మనం ఎరుగుదుం. కానీ ఆ ఇంట్లో మరో చరిత్ర కూడా ఉంది. 1920లో హేజెల్ కర్క్ అక్కడ అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. తర్వాత అక్కడే పాఠాలు చెప్పారు. ఆమె దగ్గర చదువుకున్న మార్గరెట్ రీడ్ 1931లో డాక్టరేటు తీసుకుని, 1934లో ఇంట్లో జరిగే ఉత్పత్తి గురించి ఒక పుస్తకం ప్రచురించారు. వంట, ఉతుకు, పిల్లల సాకుడు ఉత్పత్తి అవునా కాదా అని తేల్చడానికి ఆమె పెట్టిన పరీక్ష మన ఊళ్లో ఏ అమ్మకయినా ఇట్టే అర్థమవుతుంది. ఒక పనిని డబ్బిచ్చి మూడో మనిషి చేత చేయించుకునే వీలుంటే అది ఉత్పత్తే. మన బదులు మరొకరు అన్నం తినలేరు, కానీ వండగలరు. కనుక తినడం ఉత్పత్తి కాదు, వండడం ఉత్పత్తి. ఇంత స్పష్టమైన మాట చెప్పిన పుస్తకం అర్థశాస్త్రం బీరువాలోకి ఎక్కలేదు. మన దగ్గర ఆడపిల్లల కోసం హోంసైన్సు పెట్టినట్టు, అక్కడ హోం ఎకనమిక్స్ అనే పక్కగదిలోకి చేరింది.

అదే చికాగోలో 1955లో డాక్టరేటు పొందిన గేరీ బెకర్, 1965లో ఇంటిపని సమయాన్ని అర్థశాస్త్ర సూత్రాల్లోకి తెచ్చారు. 1981లో కుటుంబం మీద పెద్ద గ్రంథం రాశారు. 1992లో నోబెల్ అందుకున్నారు. పక్కగదిలో స్త్రీలు ముప్పై ఏళ్ల ముందు మొదలుపెట్టిన విషయం పురుషుడి చేతిలోకి రాగానే సిద్ధాంతమయింది. అంతకన్నా ముఖ్యం, ఆ చేతులు మారడంలో విషయం కూడా మారింది. బెకర్ చూపిన కుటుంబంలో, తన వాళ్ల మేలు కోరే పెద్ద ఒకడుంటాడు. అతని మంచితనం వల్ల అందరి ప్రయోజనమూ ఒకటవుతుంది. ఎవరికి ఏ పని బాగా వస్తే వారు ఆ పని చేయడం అందరికీ లాభమని లెక్క తేలుతుంది. స్త్రీ ఇంట్లో, పురుషుడు బయట ఉండడం పితృస్వామ్యంగా కాక తెలివైన ఏర్పాటుగా కనబడుతుంది.

ఆ బహుమతి ప్రకటించిన 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదికి వెళ్లారు. ఇంట్లో సంపాదన ఒకే సంచిలో పడదని, ఆమె కూలి డబ్బులు కూడా అతని సారాకి పోతున్నాయని, ఇంటిపెద్ద మంచితనం మీద పిల్లల అన్నం ఆధారపడకూడదని వాళ్లు నడివీధిలో చెప్పారు. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా ప్రభుత్వాన్ని నడిపించింది. కుటుంబం గురించి ఆ సంవత్సరం రెండు సిద్ధాంతాలు లోకం ముందుకు వచ్చాయని నేను విద్యార్థులకు చెబుతుంటాను. ఒకటి చికాగో నుంచి, ఒకటి దూబగుంట నుంచి. ఒకదానికే పాఠ్యపుస్తకంలో చోటు దొరికింది.

క్లాడియా గోల్డిన్ కూడా చికాగో విద్యార్థినే. ఆమె డాక్టరేటు 1972 నాటిది. హార్వర్డ్ అర్థశాస్త్ర విభాగంలో శాశ్వత ఆచార్య పదవి పొందిన తొలి స్త్రీ ఆమే. అది జరిగింది 1989-90లో. అంత పేరున్న విభాగంలో అప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా ఆ పదవికి తగలేదంటే ఆలోచించవలసింది స్త్రీల గురించి కాదు. ఆమె చేసిన పని ఏమిటి? పాత అమెరికా జనాభా లెక్కల్లో పెళ్లయిన స్త్రీల వృత్తి దగ్గర చాలాసార్లు 'భార్య' అని రాసి వదిలేశారు. పొలంలో చేసిన పని, ఇంట్లో కూర్చుని చేసిన ఉత్పత్తి, కుటుంబ వ్యాపారంలో పెట్టిన చాకిరీ అంతా ఆ ఒక్క మాట కిందికి పోయింది. గోల్డిన్ ఇతర పత్రాలు వెదికి ఆ లెక్కను సరిచేస్తే, 1890ల చివరలో పనిచేసే వివాహిత స్త్రీల నిష్పత్తి అధికారిక అంకెకు దాదాపు మూడు రెట్లని తేలింది.

ఇది మనకు కొత్త కథ కాదు. 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదిక వచ్చినప్పటి నుంచి మన దేశంలో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. 1970లలో దేవకీ జైన్, మాలినీ చాంద్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో సమయం ప్రకారం రాయించి, సర్కారు సర్వేలు స్త్రీల పనిని ఎంతగా వదిలేస్తున్నాయో చూపించారు. స్త్రీల ఒత్తిడి వల్లే 1991 జనాభా లెక్కల ప్రశ్నలో జీతం లేని పొలంపని, కుటుంబ వృత్తిలో చేసే పని కూడా చేర్చారు. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో సమయ వినియోగ సర్వే ప్రయోగాత్మకంగా జరిగింది. దేశమంతటా చేయడానికి 2019 దాకా పట్టింది. ఆ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీ రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. ఇప్పటికీ నేను ఊళ్లలో "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగితే, పొద్దున్నే రెండు గేదెల పాలు పితికి, పేడ తీసి, వంట చేసి, మిరప చేలో కలుపు తీసి వచ్చిన మనిషి, "నేనేం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటా" అంటుంది. ఆమెకు ఆ మాట నేర్పింది ఎవరు?

ఇక రెండో సంగతి. ఆ పెద్ద విశ్వవిద్యాలయాలకు మన ఊళ్లు, మన వాడలు చాలాకాలంగా పరిశోధనశాలలు. అందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాదు సూక్ష్మరుణాల అధ్యయనం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యులు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్లతో రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ కలిసి ఈ అధ్యయనం చేశారు. నగరంలోని 104 పేద బస్తీల్లో లాటరీ వేసినట్టు సగం ఎంచి, అక్కడ ముందుగా స్పందన సంస్థ శాఖలు తెరిచేటట్టు చేసి, ఆ తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. 2015లో అచ్చయిన ఫలితాల సారాంశం ఇది. అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. ఇంట్లో వస్తువులు కొన్నారు. ఆరోగ్యం, పిల్లల చదువు, స్త్రీల సాధికారత విషయాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

సూక్ష్మరుణంతో స్త్రీ జీవితమే మారిపోతుందన్న ప్రచారం మీద ఆ అధ్యయనం నీళ్లు చల్లింది, దాని విలువ దానికుంది. కానీ అది అచ్చయ్యేసరికి ఇక్కడ ఏం జరిగిందో మనకు తెలుసు. వసూళ్ల ఒత్తిడి, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, గ్రూపులో తోటి ఆడవాళ్ల చేతే గడప ముందు కూర్చోబెట్టించడం, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మహిళా సంఘాల సమావేశాల్లో స్త్రీలు అంతకు చాలా ముందే ఈ మాటలు చెప్పారు. వాళ్లు చెప్పింది 'అనుభవం' అయింది, బయటి వాళ్లు చెప్పింది 'ఆధారం' అయింది. ఈ తేడాని పుట్టించేది ఆ డాక్టరేటు. మన స్త్రీలు ఆ శాస్త్రంలో శాంపిల్‌గా ఉన్నారు. శాస్త్రవేత్తలుగా ఉన్నారా?

ఆ చదువు ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన తెలుగు ఇళ్లలో అమెరికా చదువంటే ఎం.ఎస్., దానికి పొలం తాకట్టు, బ్యాంకు లోను. పెద్ద విశ్వవిద్యాలయాల్లో అర్థశాస్త్రం పిహెచ్.డి. అలా కాదు. సీటు వస్తే సాధారణంగా ఫీజు ఉండదు, పైగా కొన్నేళ్లపాటు బతకడానికి భృతి ఇస్తారు. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు తెలుసు? అయితే సీటు రావడమే కష్టం. దరఖాస్తులో మొదట చూసేది గణితం. కలన గణితం, లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ చదివి మంచి మార్కులు తెచ్చుకుని ఉండాలి. రెండోది, ఆ రంగంలో పేరున్న ఆచార్యులు రాసే సిఫారసు ఉత్తరాలు. ఈమధ్య మూడోది వచ్చి చేరింది. పిహెచ్.డి.కి ముందే రెండేళ్లు ఎవరైనా ఆచార్యుని దగ్గర పరిశోధనా సహాయకులుగా పనిచేసి రావడం దాదాపు ఆనవాయితీ అయింది. చేరాక మొదటి ఏడాది సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, ఎకనామెట్రిక్స్, వాటిపై గట్టి పరీక్షలు. ఆ తర్వాత ప్రత్యేక విషయాలు, ఆపైన థీసిస్. అంతా కలిపి అయిదారేళ్లు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు చేరిన అమ్మాయి ముప్పై దగ్గరపడుతుండగా బయటికి వస్తుంది. ఆ వయసుల్లో మన ఇళ్లలో ఆడపిల్లను ఏం అడుగుతారో రాయనక్కర్లేదు.

లోపలికి వెళ్లినవాళ్ల పరిస్థితి ఏమిటి? అమెరికా ఆర్థికవేత్తల సంఘం స్త్రీల స్థితిగతులపై 1971లోనే ఒక కమిటీ వేసింది. అర్ధశతాబ్దం దాటినా, కొత్తగా డాక్టరేటు పొందేవాళ్లలో స్త్రీలు మూడింట ఒక వంతు దగ్గరే ఆగారు. పూర్తిస్థాయి ఆచార్యుల్లో వాళ్ల వాటా అయిదో వంతుకు అటూ ఇటూ. పైకి వెళ్లేకొద్దీ పలచబడడం అన్నమాట. 2019లో ఆ సంఘం తన సభ్యుల్లో జరిపిన సర్వే ఫలితాలు ప్రకటిస్తే, స్త్రీలలో దాదాపు సగం మంది స్త్రీలైనందువల్ల వివక్ష ఎదుర్కొన్నామన్నారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలు హోటల్ గదుల్లో, మంచాల పక్కన జరిపే అలవాటు మానాలని ఆ సంఘం నిర్ణయించడానికి కూడా 2019 దాకా పట్టింది.

వివక్ష ఎప్పుడూ మొరటుగానే ఉండదు. హార్వర్డ్‌లో పిహెచ్.డి. విద్యార్థినిగా ఉన్నప్పుడు హెదర్ సార్సన్స్ ఒక విషయం పరిశీలించారు. ఒంటరిగా వ్యాసాలు రాసిన స్త్రీకి శాశ్వత ఉద్యోగం పురుషుడితో సమానంగానే దొరుకుతోంది. పురుషులతో కలిసి రాస్తే మాత్రం ఆ వ్యాసం గొప్పతనం ఆమె ఖాతాలో సరిగా పడడం లేదు. ఎరిన్ హెంగెల్ మరొకటి చూపించారు. ఒక అగ్రశ్రేణి పత్రికలో స్త్రీలు రాసిన వ్యాసాలు సమీక్షలో పురుషుల వ్యాసాలకన్నా సుమారు ఆరు నెలలు ఎక్కువగా నలిగాయి. ఇంకో అధ్యయనం మన చట్టాల చర్చకు బాగా పనికొస్తుంది. బిడ్డ పుడితే శాశ్వత ఉద్యోగం గడువు ఒక ఏడాది పొడిగించే నియమాన్ని తల్లులకూ తండ్రులకూ సమానంగా వర్తింపజేశారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం దీనివల్ల మేలు జరిగింది పురుషులకు. స్త్రీలకు ఉద్యోగం ఖాయమయ్యే అవకాశం తగ్గింది. ఎందుకంటే ఆ ఏడాది ఆమె బాలెంతగా గడిపింది, అతను ఇంకో వ్యాసం రాసుకున్నాడు. అసమానుల మధ్య సమాన నియమం ఎవరికి ఉపయోగపడుతుందో ఇంతకన్నా చక్కటి ఉదాహరణ ఉండదు.

అయితే మన పిల్లల విషయంలో తలుపు ఇంకా చాలా ముందే మూసుకుంటుంది. ఎలినార్ ఆస్ట్రమ్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం పిహెచ్.డి. చేయాలనుకున్నారు. తగినంత గణితం చదవలేదని వద్దన్నారు. ఎందుకు చదవలేదు? ఆమె హైస్కూల్లో చదివే రోజుల్లో ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకని ప్రోత్సహించలేదు. ఆమె రాజనీతిశాస్త్రంలో చేరి, 1965లో డాక్టరేటు పొంది, నలభై నాలుగేళ్ల తర్వాత అర్థశాస్త్రంలోనే నోబెల్ తీసుకున్నారు. అందరికీ అలా తిరుగుదారి దొరకదు.

మన ఇంటర్మీడియట్ గ్రూపులు చూడండి. హెచ్.ఇ.సి., సి.ఇ.సి.లలో అర్థశాస్త్రం ఉంది, గణితం లేదు. ఎం.పి.సి.లో గణితం ఉంది, అర్థశాస్త్రం లేదు. రెండూ ఉన్న ఎం.ఇ.సి. పల్లెల ప్రభుత్వ కళాశాలల్లో అన్నిచోట్లా దొరకదు. ఇంట్లో అబ్బాయి ఎం.పి.సి.లో చేరి ఇంజనీరింగుకు పోతాడు. అమ్మాయి దగ్గర్లో ఉన్న కాలేజీలో, ఖర్చు తక్కువని, సి.ఇ.సి.లో చేరుతుంది. పదో తరగతి గణితంలో తొంభై దాటిన ఒక దళిత విద్యార్థిని నా సర్వేలో ఎదురయింది. ఎం.పి.సి. కాలేజీ బస్సు సాయంత్రం చీకటి పడ్డాక తిరిగి వస్తుందని హెచ్.ఇ.సి.లో చేర్చారు. బి.ఏ.లో ఆమెకు అర్థశాస్త్రం ఎంతో ఇష్టం. అయినా ఆమెకూ ఆ డాక్టరేటు తరగతికీ మధ్య దారి పదిహేనో ఏట, ఒక బస్సు టైము దగ్గర తెగిపోయింది. ఆ నిర్ణయంలో కులం ఉంది, డబ్బు ఉంది, ఆడపిల్ల భద్రత పేరుతో పెట్టే కాపలా ఉంది. ఎవరూ దాన్ని వివక్ష అని రాయరు. 'విద్యార్థిని ఎంపిక' అని రాస్తారు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఆ శాస్త్రమే పురుష దృష్టితో తయారయినప్పుడు అందులోకి స్త్రీలు వెళ్లి ఏం మారుస్తారు అన్నది మొదటిది. అదే శిక్షణ పొందిన స్త్రీలు అదే భాష మాట్లాడతారు కదా? కొంతవరకు నిజం. అయినా మార్పు వచ్చిన దాఖలాలు ఉన్నాయి. కేంబ్రిడ్జిలో చదివి, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో డాక్టరేటు చేసిన బీనా అగర్వాల్ 1994లో దక్షిణాసియా స్త్రీల భూమి హక్కుల మీద పుస్తకం రాశారు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ కోసం జరిగిన ప్రచారాన్ని ముందుండి నడిపించారు. రోహిణీ పాండే, మరికొందరు స్త్రీలు కలిసి మధ్యప్రదేశ్‌లో చేసిన అధ్యయనం, ఉపాధి కూలి డబ్బు భర్త ఖాతాలో కాక ఆమె సొంత ఖాతాలో పడి, ఆ ఖాతా వాడడం ఆమెకు నేర్పితే ఏమవుతుందో పరిశీలించింది. స్త్రీలు బయటి పనుల్లోకి ఎక్కువగా వచ్చారని తేలింది. 'ఎవరి ఖాతా' అన్న ప్రశ్న వెయ్యాలని తోచడమే అందులో అసలు సంగతి.

రెండో అభ్యంతరం, ఇది పై కులాల, పై తరగతుల ఆడపిల్లల సమస్య అని. ఇప్పుడున్న పరిస్థితిలో అక్కడికి చేరుతున్నది చాలావరకు వాళ్లే కాబట్టి అలా కనిపిస్తోంది. దాన్ని వాళ్లకే వదిలేయడం దానికి జవాబు కాదు. కూలికి వెళ్లే తల్లి కూతురు ఆ తరగతిలో కూర్చున్న రోజున, పనికీ పని లేకపోవడానికీ మధ్య గీత ఎక్కడ గీస్తున్నారో మొదట పట్టుకునేది ఆమే.

మనం చేయగలిగినవి చిన్నవేమీ కావు. పదో తరగతి ఫలితాలు వచ్చే నెలలో, బాల్యవివాహాల గురించి తల్లిదండ్రులతో మాట్లాడినట్టే, గణితం బాగా వచ్చే ఆడపిల్లల గ్రూపు ఎంపిక గురించి కూడా మాట్లాడాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఎం.ఇ.సి. పెట్టమని, బి.ఏ. అర్థశాస్త్రం పక్కన గణితం చదివే వీలు ఇవ్వమని అడగాలి. బస్సు వేళలు కూడా విద్యాహక్కులో భాగమేనని డిపో మేనేజరుకు అర్జీ పెట్టాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఢిల్లీ స్కూల్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షల సమాచారం, పిహెచ్.డి.కి భృతి ఉంటుందన్న సంగతి తెలుగులో రాసి హాస్టళ్లలో అంటించాలి. మన సంస్థల దగ్గరికి సర్వేల కోసం వచ్చే పరిశోధన బృందాలకు ఒక షరతు పెట్టాలి. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడే మన కార్యకర్తలు కూర్చోవాలి, ఫలితాలు ముందు ఆ బస్తీ స్త్రీలకు వాళ్ల భాషలో చెప్పాలి, స్థానిక ఆడపిల్లలను ఫారాలు నింపడానికే కాక విశ్లేషణ నేర్పడానికి కూడా తీసుకోవాలి. పిహెచ్.డి.కి ముందు రెండేళ్ల పరిశోధనానుభవం అడిగే రోజుల్లో, ఆ అనుభవం మన పిల్లలకు మన వాడలోనే దొరికే మార్గం ఇది.

ఈసారి ట్యాబు పట్టుకుని ఎవరైనా మీ సంఘం ఆఫీసుకు వస్తే, జవాబులు చెప్పడానికి ముందు వాళ్లనొక ప్రశ్న అడగండి. ఈ ప్రశ్నలు ఎవరు రాశారు?